కరువుకు కిరాయి

సింగపూర్‌లో బీచ్‌ రోడ్డు అని ఒక వీధి ఉంది. పేరులో బీచ్‌ ఉంది గానీ కనుచూపు మేరలో సముద్రం లేదు. 1887 డిసెంబరులో సార్కీస్‌ సోదరులనే ఆర్మీనియన్‌ వ్యాపారులు ఆ వీధిలో పాత బంగళా ఒకటి తీసుకుని, పది గదులతో రాఫెల్స్‌ హోటల్‌ తెరిచినప్పుడు అలలు గుమ్మం ఎదుటే ఉండేవి. ఆ తర్వాత ప్రభుత్వాలు సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయాయి. 1960ల్లో 580 చదరపు కిలోమీటర్లున్న దేశం ఇవాళ 730 దాటింది. అలా పూడ్చిన నేల మీదే 2010లో మెరీనా బే శాండ్స్‌ లేచింది. రాఫెల్స్‌కు, దానికి మధ్య దూరం రెండు కిలోమీటర్లకు మించదు. ఒకటి మూడంతస్తుల తెల్ల భవనం, ఇంకొకటి 55 అంతస్తుల టవర్లు మూడు. ఒకదాంట్లో 115 సూట్లు, ఇంకొకదాంట్లో తెరిచిననాడు రెండున్నర వేలకు పైగా గదులు. ప్రయాణ పత్రికలు రెంటినీ ఒకే జాబితాలో పెట్టి మార్కులు వేస్తుంటాయి. పరుపు ఎలా ఉంది, స్నానాల గది ఎంత, టిఫిన్‌లో ఎన్ని రకాలు అని లెక్క తీస్తాయి. ఆ లెక్కతో ఈ రెంటి తేడా ఎవరికీ బోధపడదు.

ఎందుకంటే ఆ మెట్టుకు చేరాక గదులన్నీ ఒకలాగే ఉంటాయి. తెల్లటి దుప్పటి, పాలరాతి స్నానాల గది, కాఫీ యంత్రం, మంచం పక్కనే దీపాలన్నీ ఆర్పేసే మీట. పెద్ద హోటల్‌ కంపెనీలకు తువ్వాలు మందం దగ్గర్నుంచీ నియమాల పుస్తకాలుంటాయి. అతిథికి ఏ ఊళ్లోనూ కొత్త అనిపించకూడదన్నదే వాటి ఉద్దేశం. అయినా ఒకే ఊళ్లో ఒక గది రేటు ఇంకోదానికి రెట్టింపు పలుకుతోందంటే, ఆ తేడాను గదిలో వెతికి లాభం లేదు. సింగపూర్‌ హోటళ్లను వరుసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ప్రతి పెద్ద హోటలూ ఆ ఇరుకు దీవిలో దొరకనిదేదో ఒకటి చూసుకుని దాన్నే అమ్ముతుంది. ఒకటి పాతదనాన్ని, ఒకటి దిగంతాన్ని, ఒకటి పచ్చదనాన్ని అమ్ముతున్నాయి. అంటే మనం కట్టేది కరువుకు కిరాయి. కాబట్టి పోల్చవలసింది రెండు విషయాల్లో: ఆ కరువు ఎలా పుట్టింది? దాన్ని అమ్ముకునే హోటల్‌, కిరాయి కట్టనివాడికి కూడా ఏమైనా మిగిల్చిందా?

రాఫెల్స్‌తోనే మొదలుపెడదాం. దాని ఎదుట వీధి దాటితే 73 అంతస్తుల హోటల్‌ ఒకటి ఉంది. ఐ.ఎం. పై రూపకల్పన చేసిన ఆ టవరు 1986లో తెరిచినప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన హోటల్‌. ఇప్పుడు దాన్ని స్విసోటెల్‌ ద స్టాంఫర్డ్‌ అంటున్నారు. మామూలుగా హోటళ్లలో అంతస్తు పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. ఇక్కడ మాత్రం నేలకు అతుక్కుని ఉన్న మూడంతస్తుల ముందు 73 అంతస్తులు చవక. అంత విలువైన నేల మీద మూడంతస్తులతో సరిపెట్టుకోవడం, మధ్యలో చెట్లకీ పచ్చికకీ చోటు వదలడం ఏ వ్యాపారికీ గిట్టుబాటు కాదు. అది నిలిచిందంటే చట్టం అడ్డుపడటం వల్లే. 1960, 70లలో సింగపూర్‌ ప్రభుత్వం పాత పేటలను కూలగొట్టి జనానికి అపార్టుమెంట్లు కట్టింది. 1980ల నడుమ పర్యాటకులు తగ్గినప్పుడు ఆలోచనలో పడింది: ఊళ్లో చూడటానికి పాతదేమీ మిగల్లేదని ప్రభుత్వం వేసిన బృందమే చెప్పింది. 1987లో రాఫెల్స్‌ను జాతీయ స్మారకంగా ప్రకటించారు. 1989లో మూసి, 1915 నాటి రూపానికి తెచ్చి, 1991లో తెరిచారు. 2017 నుంచి 2019 వరకు మళ్లీ బాగుచేశారు. ముందు ఊరంతా కూల్చి, మిగిలిన నాలుగింటికి స్మారకాలని బోర్డులు పెట్టాక పాతదనానికి ధర రాక ఏమవుతుంది?

ఆ హోటల్లో లాంగ్‌ బార్‌ అని ఒకటుంది. 1915 ప్రాంతంలో న్యమ్‌ టోంగ్‌ బూన్‌ అనే హైనాన్‌ చైనీయుడు సింగపూర్‌ స్లింగ్‌ అనే పానీయాన్ని సృష్టించింది ఈ హోటల్లోనే అంటారు. అక్కడ వేరుశనగకాయలు ఒలుచుకుని తొక్కలు నేల మీదే పారేయడం ఆనవాయితీ. వీధిలో కాగితం ముక్క వేస్తే జరిమానా కట్టించుకునే దేశంలో, దర్జాగా చెత్త వేసే స్వేచ్ఛ కూడా ఒక సరుకైపోయింది. ఈ వ్యాసం చెప్పే మాటకు ఇంతకన్నా చిన్న, సరైన ఉదాహరణ దొరకదు.

రాఫెల్స్‌ మీద ఉన్న పెద్ద అభ్యంతరం వేరు. అది అమ్మేది చరిత్ర కాదు, దొరతనం అంటారు. తొలి దశాబ్దాల్లో అది తెల్లవాళ్ల కోసం నడిచిన హోటల్‌. పేరు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిది. గుమ్మంలో తలపాగా, యూనిఫాం వేసుకున్న సిక్కు ద్వారపాలకుడు ఇప్పటికీ ఫొటోల కోసం నిలబడతాడు. ఒకప్పుడు అక్కడ వడ్డించడానికే తప్ప కూర్చోవడానికి నోచుకోని ఆసియావాళ్ల మనవలు ఇప్పుడు డబ్బిచ్చి ఒక పూట దొరలవుతున్నారన్న ఎత్తిపొడుపులో నిజముంది. దాన్ని కొట్టిపారేయలేం. అయితే పాతదనాన్ని అమ్మే హోటలన్నాక దొరతనమే అమ్మాలని లేదు. సింగపూర్‌ నది ముఖద్వారం దగ్గర ఉన్న ఫుల్లర్టన్‌ను చూడండి. 1928లో పూర్తయిన ఆ భవనం సింగపూర్‌ జనరల్‌ పోస్టాఫీసు. పై అంతస్తుల్లో తెల్లవాళ్ల క్లబ్బు ఉన్న మాట నిజమే గానీ, కింద హాల్లోకి మాత్రం ఉత్తరం వేయడానికి కూలీ వెళ్లాడు, మనియార్డరు కట్టడానికి చెట్టియార్‌ గుమాస్తా వెళ్లాడు. 1996లో పోస్టాఫీసు ఖాళీ చేసింది, 2001లో 400 గదుల హోటలైంది, 2015లో జాతీయ స్మారకమైంది. అది జనం వాడుకున్న చరిత్ర కాబట్టి, నోస్టాల్జియా లెక్కలో రాఫెల్స్‌ కన్నా నిజాయితీ ఎక్కువ. కానీ హోటల్‌గా దానికొక లోపం పుట్టుకతోనే వచ్చింది. ఆఫీసుల కోసం కట్టిన మందపాటి భవనం కావడంతో కొన్ని గదుల కిటికీలు బయటికి కాక లోపలి హాలు వైపు తెరుచుకుంటాయి. తక్కువ రేటుకు ఫుల్లర్టన్‌ దొరికిందని సంబరపడేవాళ్లు ముందుగా ఆ సంగతి చూసుకోవాలి. నది కోసం వెళ్లి ఎదురు గది పరదాలు చూస్తూ కూర్చోవడం దేనికి?

ఇక మెరీనా బే శాండ్స్‌. ఫొటోల్లో మూడు స్తంభాల మీద పడవ నిలబెట్టినట్టుండే ఆ హోటల్‌ రూపానికి వాస్తుశిల్పి మోషే సాఫ్డీని మెచ్చుకుంటాం గానీ, ఆ మెప్పులో సగం ఒక టెండరు కాగితానికి దక్కాలి. దశాబ్దాల పాటు జూదశాలలు వద్దన్న సింగపూర్‌ 2005 ఏప్రిల్‌లో మనసు మార్చుకుంది. అప్పటి ప్రధాని లీ సియన్‌ లూంగ్‌ పార్లమెంటులో ఆ మాట చెప్పారు. ఆ తర్వాత మెరీనా బే స్థలానికి టెండరు పిలిచిన తీరు గమనించదగ్గది. స్థలం ధరను ముందే 120 కోట్ల సింగపూర్‌ డాలర్లుగా ఖాయం చేశారు. లీజు 60 ఏళ్లు. అంటే ఎక్కువ డబ్బు పాడి గెలిచే దారి మూసేశారు. పర్యాటకులను రప్పించే శక్తికి 40 శాతం, వాస్తుకళకు 30 శాతం, పెట్టుబడికి 20 శాతం, కంపెనీ సత్తాకు 10 శాతం మార్కులు. జూదానికి కేటాయించే చోటు 15,000 చదరపు మీటర్లు దాటకూడదు. ఆ పోటీలో 2006లో లాస్‌ వెగాస్‌ శాండ్స్‌ నెగ్గింది. ఆకాశంలో 340 మీటర్ల పొడవునా పరుచుకున్న ఆ తోట, దాని అంచున 150 మీటర్ల ఈతకొలను ఇలా మార్కుల కోసం పుట్టాయి.

ఆ హోటల్‌ అమ్మేది దిగంతం. సింగపూర్‌ పల్లపు దీవి. దేశంలోకెల్లా ఎత్తయిన కొండ బుకిత్‌ తిమా 164 మీటర్లే. హోటల్‌ పైకప్పు దాదాపు 200 మీటర్లు. దేశపు కొండకన్నా హోటల్‌ మిద్దె ఎత్తు! టవర్ల మధ్య బతికే జనానికి ఆకాశం అంచు కనబడటమే అరుదు కాబట్టి, 57వ అంతస్తులో నీళ్లలో నిలబడి ఓడలు లంగరేసిన సముద్రాన్ని చూడటానికి అంత గిరాకీ. ఆ కొలనులోకి హోటల్లో దిగినవాళ్లకే ప్రవేశం. మిగతావాళ్లు టికెట్టు కొనుక్కుని పక్కనున్న డెక్‌ మీద నుంచి చూసి రావచ్చు. ఇంత ఖర్చు గదుల మీద రాబట్టడం కష్టం. భవనంలో కొద్దిపాటి చోటే ఆక్రమించిన క్యాసినో ఆదాయంలో పెద్ద వాటా తెస్తుంది. సింగపూర్‌ పౌరుడో, శాశ్వత నివాసో అందులో అడుగుపెట్టాలంటే 24 గంటలకు 150 డాలర్లు కట్టాలి. విదేశీయుడికి పాస్‌పోర్టు చూపిస్తే చాలు, ఉచితం. తన పౌరులను ఆపడానికి గుమ్మంలో సుంకం పెట్టిన ప్రభుత్వం మనల్ని ఎందుకు ఆపడంలేదో మన పర్యాటకులు ఒకసారి ఆలోచించుకోవాలి. ఈమధ్య గదులను కలిపి పెద్దవి చేయడంతో వాటి సంఖ్య సుమారు 1,850కి తగ్గింది. అందులో 775 సూట్లు. హోటల్‌ చూపు ఎలాంటి అతిథుల మీద ఉందో దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది. పక్కనే సూట్లే తప్ప మామూలు గదులుండని నాలుగో టవరుకు 2025 జులైలో శంకుస్థాపన కూడా అయింది.

మెరీనా బే ఊరికేమీ మిగల్చలేదంటే అన్యాయమవుతుంది. దాని ముందు నీటి ఒడ్డున ఎవరైనా నడవచ్చు. రాత్రిపూట వెలుగునీళ్ల ప్రదర్శనకు టికెట్టు లేదు. తామరపువ్వు ఆకారంలో మ్యూజియం ఉంది, బ్రహ్మాండమైన సమావేశ మందిరాలున్నాయి. జూదం లేకుంటే ఇవన్నీ వచ్చేవి కావని దాన్ని సమర్థించేవారు అంటారు. నిజమే కావచ్చు. కానీ ఇవేవీ హోటల్‌ ఉదారంగా ఇచ్చినవి కావు, టెండరులో అడిగితే వచ్చినవి. కిందనున్నదంతా ఊరికి, పైనున్న దిగంతం అతిథికి అన్న పంపకం ఒప్పందంలోనే ఉంది. దాన్ని మంచి బేరం అనవచ్చు. గొప్ప హోటల్‌ అనడానికి మాత్రం నాకు నోరు రావడంలేదు. దాదాపు రెండువేల గదుల మధ్య చెక్‌ఇన్‌ వరుసలో నిలబడ్డ అతిథికి అది విలాసంలా కన్నా విమానాశ్రయంలా అనిపించినా తప్పు పట్టలేం.

ఇంకో రకం కరువును అమ్మే హోటళ్లను రెండు మాటల్లో ముగించవచ్చు. 1971లో మొదలైన షాంగ్రిలా ఆ పేరుతో వచ్చిన గొలుసులో మొట్టమొదటిది. ఆర్చర్డ్‌ రోడ్డు దాపున 15 ఎకరాల తోట దాని ఆస్తి. అసలు సరుకు మాత్రం తటస్థత. 2002 నుంచి ఆసియా దేశాల రక్షణ మంత్రులు దాదాపు ఏటా అక్కడే కలుస్తున్నారు. 2015 నవంబరులో చైనా, తైవాన్‌ నేతలు షీ జిన్‌పింగ్‌, మా యింగ్‌-జౌ చేతులు కలిపిందీ అక్కడే. 2018 జూన్‌లో ట్రంప్‌, కిమ్‌ సెంటోసా దీవిలోని కపెల్లాలో కలిశారు. ఎవరి పక్షమూ కాని చోటు ఈ ఖండంలో అంత అరుదన్నమాట. మామూలు అతిథికి దీనివల్ల ఒరిగేది ఏమీ లేదు, ఆ రోజుల్లో రోడ్లు మూసేస్తారు తప్ప.

నా లెక్కలో ఈ పోటీలో ముందు నిలిచేది వీటిలో దేనికన్నా పేరు తక్కువున్న హోటల్‌. ఆఫీసుల పేటకూ చైనాటౌన్‌కూ నడుమ 2013లో తెరిచిన పార్క్‌రాయల్‌ పికరింగ్‌లో గదులు 367. వోహా అనే స్థానిక వాస్తు సంస్థ దానికి రూపకల్పన చేసింది. గదుల వరుసల మధ్య వేలాడే తోటలు, వంపులు తిరిగిన అరుగులు, చిన్న జలపాతాలు కలిపి 15,000 చదరపు మీటర్ల పచ్చదనం. హోటల్‌ నిలబడ్డ స్థలానికి అది రెట్టింపు కన్నా ఎక్కువ. వాననీళ్లు పట్టి మొక్కలకు పెడతారు, తోటల దీపాలకు సౌరవిద్యుత్తు. వసారాల్లో చాలాచోట్ల ఏసీకి బదులు గాలి, చెట్ల నీడ. అన్నిటికన్నా ముఖ్యం, ఆ తోటలు వీధిలోకి చూస్తాయి. ఎదుట హాంగ్‌ లిమ్‌ పార్కు బెంచీ మీద కూర్చున్నవాడికి, బస్సులో పోయేవాడికి, అందులో ఏనాడూ దిగలేనివాడికి కూడా అవి దక్కుతాయి. అదే సంస్థ రూపకల్పనతో 2023లో ఆర్చర్డ్‌ ప్రాంతంలో కట్టిన పాన్‌ పసిఫిక్‌ది ఇంకా సాహసం. 347 గదుల ఆ టవరును నాలుగుచోట్ల ఖాళీ చేసి, ఒక్కో ఖాళీలో ఒక్కో తోట పెట్టారు. పికరింగ్‌ గది రేటు చాలా రోజుల్లో రాఫెల్స్‌ రేటులో సగం కూడా ఉండదు.

పచ్చదనమంతా ముస్తాబని, కాంక్రీటు కొండకు ఆకులు అంటిస్తే పర్యావరణం బాగుపడదని అనేవాళ్లున్నారు. సిమెంటు వాడకం లెక్కలో వాళ్ల మాట కాదనలేం. కానీ ఈ తోటలు కంపెనీ ప్రచారం కోసం మాత్రమే వచ్చినవి కావు. 2009లో నగరాభివృద్ధి సంస్థ ఒక నియమం తెచ్చింది. కొన్ని కీలక ప్రాంతాల్లో భవనం కట్టి నేల మీద ఎంత పచ్చదనం తీసేస్తే, అంతా భవనం మీద తిరిగి పెట్టాలి. అలా పెట్టినవాళ్లకు కట్టుకునే విస్తీర్ణంలో కొన్ని సడలింపులు. ఆ నియమం కోరినదానికన్నా రెండింతలు చేసి చూపిందీ హోటల్‌. తర్వాత కట్టినవాళ్లకు సాకులు చెప్పే వీలు లేకుండా చేసింది. రాఫెల్స్‌ను ఎవరూ మళ్లీ కట్టలేరు. మెరీనా బే లాంటిది కట్టాలంటే జూదం లైసెన్సు కావాలి. పికరింగ్‌ను మాత్రం కాపీ కొట్టవచ్చు, కొడుతున్నారు.

గట్టి అభ్యంతరం ఇంకా మిగిలే ఉంది. హోటలంటే గోడలూ తోటలూ కాదు, మనుషులు. పేరు పెట్టి పలకరించే రిసెప్షనిస్టు, జ్వరం వస్తే అర్ధరాత్రి మందు తెచ్చిన కుర్రాడు గుర్తుంటారు గానీ వాస్తుకళ ఎవరికి గుర్తుంటుంది? ఈ మాటకు విలువ ఉంది. అయితే సింగపూర్‌లో మనిషి సాయం కూడా కరువు సరుకే. సేవారంగంలోని సంస్థ తన సిబ్బందిలో కింది స్థాయి పర్మిట్ల మీద వచ్చిన విదేశీయులను 35 శాతానికి మించి పెట్టుకోకూడదు. స్థానికులు ఆ జీతాలకు రారు. అందుకే చాలా హోటళ్లలో చెక్‌ఇన్‌ యంత్రాలు, తువ్వాళ్లు మోసే రోబోలు కనిపిస్తాయి. రాఫెల్స్‌ తన అతిథులకు బట్లర్లను పెట్టగలుగుతోందంటే, గదులు తక్కువ, రేటు ఎక్కువ కాబట్టి. మన హైదరాబాద్‌ ఐదు నక్షత్రాల హోటల్లో అంతకన్నా ఎక్కువ చేతులు పనిచేస్తాయి, తక్కువ జీతానికి. సేవకోసమే అయితే సింగపూర్‌ దాకా పోనక్కర్లేదు.

అతిథి తన డబ్బు తాను పెట్టుకుంటుంటే వీధిలోవాడికి ఏం దక్కిందన్న ప్రశ్న ఎందుకని అడగవచ్చు. సింగపూర్‌ నేలలో అత్యధిక భాగం ప్రభుత్వానిది. హోటళ్లలో చాలావాటికి గడువు తీరే లీజులే. హోటల్‌ ఊరికి అద్దెదారు, అద్దెదారును అడిగే హక్కు ఊరికుంది. పైగా అతిథి కూడా మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం వీధిలోనే గడుపుతాడు. వీధిని చల్లబరిచిన హోటల్‌ అతని సెలవులను కూడా బాగుచేసినట్టే.

ఇది మనకూ పట్టాల్సిన సంగతి. 2010లో హోటలైన ఫలక్‌నుమా ప్యాలెస్‌ 60 గదులతో కొండనూ నిజాం కాలాన్నీ అమ్ముతోంది. అది రాఫెల్స్‌ దారి, రెండోది కట్టలేం. హైటెక్‌ సిటీ చుట్టూ లేచిన నక్షత్రాల హోటళ్లు మాత్రం అద్దాల పెట్టెలు. ఏది ఏదో రాత్రిపూట బోర్డు చదివితే గానీ తెలియదు. ఈ ఊళ్లో నిజంగా అరుదైపోతున్నవి చెరువులూ, వందల కోట్ల ఏళ్లనాటి రాతిగుట్టలూ. దుర్గంచెరువు వైపు కిటికీలు తెరిచిన హోటల్‌ ఉంది గానీ, గుట్టను పేల్చకుండా దాని చుట్టూ అల్లుకుని కట్టిన పెద్ద హోటల్‌ ఏదీ? తప్పు హోటళ్లది మాత్రమే కాదు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌ వేలంలో ఎకరం వందకోట్లు దాటినప్పుడు మనం చప్పట్లు కొట్టాం. అంత పాడినవాడు అడుగడుగునా ఆ డబ్బు రాబట్టుకోవాలి. గుట్టకూ చెట్టుకూ చోటెక్కడ వదులుతాడు? స్థలం ధర ఖాయం చేసి, కట్టబోయేదానికి మార్కులు వేసే పద్ధతి మెరీనా బేలో జూదశాలకే పనికొచ్చినప్పుడు మన హోటళ్లకు పనికిరాదా? అమరావతి ప్రణాళికను సింగపూర్‌ సంస్థల చేత వేయించుకున్నవాళ్లం, ఆ టెండరు కాగితం కూడా అడిగి తెచ్చుకుంటే బాగుండేది. నది ఒడ్డున హోటల్‌ స్థలాలు ఇచ్చేటప్పుడు ఇప్పటికైనా ఆ పని చేయాలి.

హైదరాబాద్‌ నుంచి, విశాఖ నుంచి నేరుగా విమానం ఎక్కి వెళ్లేవాళ్లకు నా సలహా ఇది. ఉండటానికి పికరింగ్‌ తీసుకోండి. రాఫెల్స్‌లో దిగక్కర్లేదు, ఆవరణలో తిరిగి, మనసైతే లాంగ్‌ బార్‌లో తొక్కలు పారేసి రండి. ఆ కొలను మీద పిల్లలు పట్టుబడితే మెరీనా బేలో ఒక్క రాత్రికి బుక్‌ చేయండి, నాలుగు రాత్రులు దండగ. శరదృతువులో జరిగే ఫార్ములా వన్‌ రాత్రి పందేల వారాంతం జోలికి పోకండి, రేట్లు చుక్కలంటుతాయి. ధర పక్కన రెండు ప్లస్‌ గుర్తులు కనిపిస్తే 10 శాతం సర్వీస్‌ చార్జి, దాని మీద 9 శాతం జీఎస్టీ విడిగా పడతాయని అర్థం. 600 డాలర్ల గదికి బిల్లు 719 డాలర్లు దాటుతుంది.